పిత్తాశయములో రాయి – చిట్టెలుక చెప్పిన సాక్ష్యము

సీతమ్మధారలోని మా వైద్యశాలకు వచ్చువారు నాడి చూపుటకు చేయి చాపక ముందే స్కానింగు కాగితము చాపుచున్నారు. అజీర్తి అనియో, కడుపుబ్బరమనియో పరీక్ష చేయించుకొనగా పిత్తాశయములో రాళ్లున్నట్లు తేలినది. నొప్పి లేదు, జ్వరము లేదు, భయము మాత్రము నిండుగా ఉన్నది. వారి ప్రశ్న ఒక్కటే: "ఆపరేషన్ లేకుండా కరిగించే మందు ఉందా డాక్టరు గారూ?"

ఇటీవల ఈ ప్రశ్నకు ఒక తోక చేరినది. "ఎలుకల మీద రుజువైందట కదా!" అనుచున్నారు. చూర్ణపు డబ్బాల మీద, ఫోనులలో తిరుగు సందేశములలో ఈ ఎలుకలు దర్శనమిచ్చుచున్నవి. ఆ ఎలుకలు కల్పితములు కావు. వాటిపై జరిగిన పరిశోధన మన వంటింటి ద్రవ్యములకు గౌరవము తెచ్చినదే. అయితే ఆ పరిశోధన చెప్పినది ఒకటి, దాని పేరు చెప్పి అమ్ముచున్నది మరియొకటి. రాయి పుట్టకుండ ఆహారము చాలవరకు కాపాడగలదని అది చెప్పినది. పుట్టి బాధ పెట్టుచున్న రాయికి చూర్ణము వేసుకొని ఇంట కూర్చుండుమని ఎక్కడను చెప్పలేదు. ఆయుర్వేదమునే నమ్మి నలుబది యేండ్లుగా వైద్యము చేయుచున్నవాడను గనుక ఈ మాట మా వంటివారే ముందుగా చెప్పవలెనని నా అభిప్రాయము.

మొదట పేరులోని చిక్కు విప్పుకొందము. సుశ్రుత సంహిత నిదానస్థానములో మూడవ అధ్యాయము అశ్మరీ నిదానము. అందు వాత, పిత్త, కఫ, శుక్ర అశ్మరులని నాలుగు విధములు చెప్పబడినవి. ఆ నాలుగును మూత్రాశయమునకు సంబంధించినవే. పిత్తాశ్మరి నల్లజీడి గింజవలె ఉండుననియు, మంట పుట్టించుననియు ఆచార్యుడు వర్ణించినది మూత్రమార్గపు రాయిని గురించియే గాని, కాలేయము క్రింద నున్న తిత్తిలోని రాయిని గురించి కాదు. నేడు గాల్‌స్టోనునకు "పిత్తాశ్మరి" అను పేరు వాడుకలోనికి వచ్చుటచే, అశ్మరికి చెప్పిన మందులన్నియు దీనికిని పనిచేయునను భ్రమ పుట్టినది. కొండపిండి ఆకు, ఉలవ కట్టు, పల్లేరు కాయల కషాయము, ఉలిమిరి పట్ట, ఇవి మూత్రమును జారీ చేయునట్టివి. మూత్రము నడచు దారి వేరు, పైత్యరసము నడచు దారి వేరు. కొండపిండి కషాయము ఎన్ని గిన్నెలు త్రాగినను అది మూత్రపిండముల దారినే పోవును.

ఇదే పొరపాటు ఎలుకల విషయములోను జరుగుచున్నది. 1920ల చివర కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు లోపభూయిష్టమైన ఆహారము పెట్టి ఎలుకలలో రాళ్లు పుట్టించి చూపెను. 1918లో ఆయన ఆరంభించిన సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థగా తెలుగువారికి పరిచితమై యున్నది. ఆ ప్రయోగములను పిత్తాశయపు రాళ్లకు సాక్ష్యముగా చూపిన కరపత్రమొకటి నా చేతికి వచ్చినది. అవి మూత్రాశయపు రాళ్లు. అసలు ఆ పెద్ద ఎలుకకు పిత్తాశయమే లేదు! చిట్టెలుకకు ఉన్నది, ఎలుకకు లేదు. గుర్రమునకు, ఏనుగునకు, పావురమునకు కూడ లేదు. సృష్టిలోని ఈ విచిత్రమును మరల ఒకచోట తలచుకొనవలసి వచ్చును.

జంతువు పిత్తాశయములోని రాయి మనకు క్రొత్తది కాదు. గోరోచనము అనునది అదియే. పశువు పిత్తాశయములో పుట్టిన పసుపుపచ్చని రాయిని అరగదీసి పసిబిడ్డలకు నాకించుట మన తాతమ్మలు ఎరిగినదే. పొగరుబోతును చూచి "వాడికి గోరోజనం ఎక్కువ" అని మనవారు అనుటలో పైత్యమునకును అహంకారమునకును ముడిపెట్టిన చమత్కారము ఉన్నది. నేడు మేలిరకపు గోరోచనము బంగారము కంటె ఎక్కువ ధర పలుకుచున్నది గనుక, అంగడిలో అగ్గువకు దొరకు దానిని సందేహించుటయే మంచిది.

ఈ రాయిలో ముఖ్యముగా నుండునది బిలిరుబిన్. రక్తకణములు ఆయువు తీరి చిట్లినపుడు వెలువడు ఎర్రని వర్ణకము మారి ఏర్పడు పసుపు పదార్థమిది. కాలేయము దీనిని నీటిలో కరగునట్లు చేసి పైత్యరసములోనికి పంపును. సూక్ష్మజీవులు ఆ కట్టును విప్పివేసినచో బిలిరుబిన్ కరగని రూపమునకు మరలి సున్నముతో కలిసి గడ్డకట్టును. గోరోచనమునకు గిరాకీ మిక్కుటముగా నున్న చైనాలో ఈ సంగతి తెలిసికొని, బ్రతికియున్న పశువు పిత్తాశయములో శస్త్రముతో ఒక చిన్న అన్యవస్తువును, ఈ-కోలై సూక్ష్మజీవులను ఉంచి రాయిని పెంచిరి. తరువాత పశువుతో పని లేకయే పాత్రలో పైత్యరసమునుంచి రాయి పండించు విధానమును కనుగొనిరి. ఆ సంగతి చదివినపుడు పశువుల పక్షమున నాకు కొంత ఊరట కలిగినది. రాయి పుట్టుటకు నిలిచిపోయిన రసము, పేరుకొనుటకొక గింజ, కరగని పదార్థము – మూడును కావలెనని దీనివలన స్పష్టమైనది.

మనుష్యులలో కనబడు రాళ్లు కొన్ని ఈ గోరోచనపు వంటి రంగు రాళ్లు, కొన్ని కొలెస్టరాల్ రాళ్లు, కొన్ని రెండును కలిసినవి. మన దేశములో ఉత్తరాదిని కొలెస్టరాల్ రాళ్లు ఎక్కువ, దక్షిణాదిని రంగు రాళ్ల పాలు హెచ్చు. రైల్వే ఉద్యోగులను పరిశీలించి 1968లో ప్రకటించిన ఒక అధ్యయనములో ఉత్తరాదివారికి దక్షిణాదివారి కంటె ఏడు రెట్లు ఎక్కువగా ఈ వ్యాధి కనబడినది. ఇప్పుడు మన తిండియు, మన తీరికయు మారినవి. ఆ అంతరము అట్లే నిలుచునని ధీమా పడరాదు.

కొలెస్టరాల్ రాయి సంగతి జంతువులవలననే విశదమైనది. కొలెస్టరాల్ నీటిలో కరగదు. పైత్యరసములో పిత్త లవణములు, లెసిథిన్ అను రెండు పదార్థములు దానిని పట్టి ఉంచును. ఈ మూటి పాళ్లు ఎట్లుండవలెనో అడ్మిరాండ్, స్మాల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1968లో లెక్కగట్టిరి. పాళ్లు తప్పినపుడు కొలెస్టరాల్ విడివడును. పాకము తప్పిన పానకములో పంచదార పలుకులు కట్టుట గృహిణులు ఎరుగుదురు, అట్టిదే ఇదియు.

పాళ్లు ఎట్లు తప్పును? కొవ్వు తినుటవలననే అని అందరును అనుకొనుచుండగా, విటమిన్ కె కనుగొని 1943 సంవత్సరపు నోబెల్ బహుమానమును పంచుకొనిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ 1952లో ఒక వింత చూపెను. హామ్‌స్టర్ అను బుగ్గల ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని, చక్కెర మెండుగా గల ఆహారము పెట్టగా వాటి పిత్తాశయములు కొలెస్టరాల్ రాళ్లతో నిండినవి. నెయ్యి మాని, కాఫీలో మాత్రము మూడేసి చెంచాల పంచదార వేసికొను మన నగరవాసులు ఈ హామ్‌స్టరును ఒకమారు తలచుకొనవలెను.

తరువాత 1972లో అమెరికాలో ప్రెయిరీ డాగ్ అను జంతువుపై ప్రయోగము జరిగినది. పేరులో కుక్క ఉన్నను అది ఉడుత జాతిది. దానికి కొలెస్టరాల్ హెచ్చుగా పెట్టగా కొద్ది వారములలోనే రాళ్లు కట్టినవి. అప్పటినుండి ఆ జంతువుపై, చిట్టెలుకపై జరిగిన అనేక పరీక్షలలో రాయి పుట్టుటకు ముందు పిత్తాశయమునకు ఏమగునో దశలవారీగా కన్నులారా చూచిరి. నా మట్టుకు ఈ విషయములో అన్నిటికంటె విలువైన భాగము ఇదియే.

మొదట కొలెస్టరాల్ మించిన రసము తిత్తిలోనికి వచ్చును. ఇంకను పలుకు లేదు, రాయి లేదు. అయినను తిత్తి లోపలి పొర కలత చెంది జిగురును హెచ్చుగా స్రవించును. ఆ జిగురు రసములో జల్లివలె అల్లుకొనును. కొలెస్టరాల్ పిత్తాశయపు కండర కణముల పొరలలో చేరుటచే దాని ముడుచుకొను శక్తి తగ్గును. మనము భోజనము చేయగానే ప్రేగునుండి "రసము పంపుము" అని వచ్చు సంకేతమును అది సరిగా వినదు. సగము ఖాళీ అయి, సగము నిలువ ఉండును. నిలిచిన రసములో జిగురు పట్టుకొనిన చోట సూక్ష్మమైన పలుకులు తేలును. పలుకులు బురదయగును, బురద ఇసుకయగును, ఇసుక రాయియగును. గోడ మందమగును, వాచును. అనగా రాయి రోగమునకు ఆరంభము కాదు, రోగము చాల దూరము నడచిన తరువాత పాతిన మైలురాయి.

జిగురు ఎంత ముఖ్యమో తెలుపు ప్రయోగమొకటి 1981లో ప్రకటింపబడినది. ప్రెయిరీ డాగ్‌లకు కొలెస్టరాల్‌తోపాటు ఆస్పిరిన్ ఇచ్చిరి. రసములో కొలెస్టరాల్ మునుపటివలెనే మించి ఉన్నది, కాని జిగురు స్రవించలేదు, రాళ్లును కట్టలేదు. గురుకులములో కఫమునకు పిచ్ఛిలత్వము, స్థిరత్వము, మందత్వము గుణములని వల్లె వేసిన నాకు ఇది చదివినపుడు ముచ్చట వేసినది. పిత్తము ఉండవలసిన చోట కఫగుణము చేరి మార్గము నడ్డగించుట, అగ్నిమాంద్యము, కూర్చుని తినుట, ఇవన్నియు మనవారి భాషలో చెప్పదగిన సంగతులే. అట్లని చిట్టెలుక ప్రయోగము ఋషులు ముందే చేసిరని నేననను. అట్లు చెప్పిన శాస్త్రమునకు గౌరవము పెరుగదు. చరకునిలో గాని, సుశ్రుతునిలో గాని, వాగ్భటునిలో గాని పిత్తాశయపు రాయికి వేరు అధ్యాయము లేదు. శూలలక్షణములు మాధవనిదానములో విపులముగా ఉన్నవి. వానినుండి మనము గ్రహించుకొనవలెను, అంతే.

ఇక మైసూరు పరిశోధన. అక్కడి కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలో చిట్టెలుకలకు రాళ్లు పుట్టించు ఆహారము పది వారములు పెట్టిరి. ఆ ఆహారము మాత్రమే తిన్నవాటిలో అన్నిటికిని రాళ్లు వచ్చినవి. దానిలో నూటికి అర వంతు పసుపులోని కర్కుమిన్ కలిపినపుడు నూటికి 26కు మాత్రమే వచ్చినట్లు 1992లో ప్రకటించిరి. మెంతుల పొడిపై 2009లో ప్రకటించిన ఫలితము మరింత చక్కనిది. ఆహారములో 5 వంతులు మెంతులున్నపుడు నూటికి 63, 10 వంతులున్నపుడు 40, 15 వంతులున్నపుడు 10 చిట్టెలుకలకే రాళ్లు పుట్టినవి. ఉల్లి, వెల్లుల్లి తినిపించుటచే అప్పటికే ఏర్పడిన రాళ్లు సైతము కొంత తగ్గినట్లు 2010లో వారే తెలిపిరి.

ఇంత శుభవార్త ఉండగా అభ్యంతరమేమి అందురా? లెక్క వేసి చూడుడు. మనిషి రోజుకు అర కిలో ఘనాహారము తినునని అనుకొన్నచో, అందు 15 వంతులనగా 75 గ్రాముల మెంతులు. సుమారు ఏడు పెద్ద చెంచాలు, ప్రతిదినము. మధుమేహమునకు మాత్రలు వాడువారు అంత మోతాదు తిన్నచో రక్తములో చక్కెర పడిపోవు ప్రమాదము కూడ ఉన్నది. పైగా ఆ చిట్టెలుక రాయి పది వారముల లేత కొలెస్టరాల్ రాయి. మన పిత్తాశయములోనిది ఏండ్ల తరబడి సున్నము, వర్ణకము పట్టి గట్టిపడిన రాయి కావచ్చును. చిట్టెలుకకు నొప్పి వచ్చెనా, రాయి జారి నాళములో పడెనా అని ఆ ప్రయోగములు అడుగలేదు, అవి అందులకు ఉద్దేశింపబడినవి కావు.

అన్నిటికంటె గంభీరమైనది వేరొకటి ఉన్నది. ఇండోనేషియాలో ఆరోగ్యవంతులకు కర్కుమిన్ ఇచ్చి పిత్తాశయమును స్కానింగులో చూచిరి. 1999లో 20 మిల్లీగ్రాములకు అది 29 శాతము ముడుచుకొన్నట్లును, 2002లో 40 మిల్లీగ్రాములకు సగము, 80 మిల్లీగ్రాములకు 72 శాతము ముడుచుకొన్నట్లును కనబడినది. 80 మిల్లీగ్రాములనగా చెంచాడు పసుపులో ఉండునంత. రాయి లేనివానికి ఈ గుణము మేలు చేయును, రసము నిలువ ఉండనీయదు. రాయి ఉన్నవానికో? తిత్తి గట్టిగా ముడిచినపుడు చిన్న రాయి నాళములోనికి దూరి ఇరుకుకొనవచ్చును. కూరలో వేయు పసుపునకు భయపడ నక్కరలేదు. గుళికలలో నింపిన పసుపుసత్తును పిత్తాశయపు రాళ్లు గలవారు వైద్యునికి చెప్పక వాడరాదు.

ఉక్కునగరము నుండి వచ్చిన ఒక విశ్రాంత ఉద్యోగి ఎనిమిది మాసములు రాళ్లు కరగించు చూర్ణమును తెప్పించుకొని వాడెను. విక్రేత పేరు ఇక్కడ అనవసరము. నడుమ నడుమ వచ్చు నొప్పిని "రాయి కరుగుచున్న గుర్తు" అని ఆ విక్రేత ఫోనులో ధైర్యము చెప్పుచుండెనట. నా యొద్దకు వచ్చునాటికి కన్నులు పసుపు, మూత్రము టీ నీళ్లు, మలము సుద్ద, ఒంట చలిజ్వరము. నాడి పట్టుకొని కూర్చుండు సమయము కాదది. వెంటనే ఆసుపత్రికి పంపితిని. రాయి ఉమ్మడి నాళములో అడ్డుపడియున్నది. అదే రాయి మరికొంచెము క్రింద క్లోమనాళము మొగము నొక్కినచో క్లోమగ్రంథి వాచి ప్రాణము మీదికి వచ్చెడిది. ఆయన కోలుకొనెను. నొప్పిని శుభశకునముగా వర్ణించు ఆ మాట మాత్రము నేటికిని నా చెవిలో గరగరలాడుచున్నది.

ఆలివ్ నూనె, నిమ్మరసము త్రాగి తెల్లవారుసరికి ఆకుపచ్చని "రాళ్లు" మలములో పడినవని ఫోటోలు తీసి చూపువారు కలరు. 2005లో న్యూజిలాండులో అట్టివానిని పరీక్షింపగా అవి రాళ్లు కావు, నూనె ప్రేగులో సబ్బువలె గడ్డకట్టినదని తేలినది.

అయితే కరగించుట అసాధ్యమా? కాదు. మనిషి పిత్తాశయపు రాయిని కుక్క పిత్తాశయములో ఉంచినచో కరగునని పందొమ్మిదవ శతాబ్దము చివరనే గమనించిరి. ఉర్సోడిఆక్సీకోలిక్ ఆమ్లము అను నేటి మందు పేరు ఎలుగుబంటిని తెలుపు లాటిన్ మాటనుండి పుట్టినది, ఎలుగు పైత్యరసములో అది విశేషముగా ఉండును. ఆ మందైనను చిన్నవైన, సున్నము పట్టని కొలెస్టరాల్ రాళ్లను మాత్రమే, పిత్తాశయము బాగుగా పనిచేయుచున్నపుడే, ఆరు మాసములనుండి రెండేండ్ల కాలములో కరగించును. ఆపిన తరువాత అయిదేండ్లలో సుమారు సగము మందికి మరల వచ్చును. తిత్తి గుణము మారలేదు గదా! ఇంత పరీక్షింపబడిన మందే ఇన్ని షరతులు పెట్టుచుండగా, ఏ షరతును లేక అందరి రాళ్లను నలుబది దినములలో కరగించెదమను ప్రకటనను ఎట్లు నమ్మవలెను?

మన విశాఖవారు ప్రత్యేకముగా ఎరుగవలసినది మరియొకటి. అరకు, పాడేరు ప్రాంతపు గిరిజనులలో కొడవలి కణముల రక్తవ్యాధి, అనగా సికిల్ సెల్ ఉన్నది. ఆ రక్తకణములు త్వరగా చిట్లుటచే బిలిరుబిన్ పొంగి చిన్నపిల్లలకే రంగు రాళ్లు కట్టును. పుట్టుకతో రక్తకణములు చిట్లు ఒక జాతి చిట్టెలుకలలో ఇదే విధముగా రాళ్లు కట్టుట శాస్త్రజ్ఞులు చూచిరి. అచట కొలెస్టరాల్‌తో పని లేదు, మెంతులతోను పని లేదు. ఏజెన్సీ నుండి వచ్చిన బిడ్డకు పిత్తాశయములో రాళ్లు కనబడినచో ముందు రక్తపరీక్ష చేయించవలెను. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వము సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. మీ ఇంట పనిచేయు ఏజెన్సీవారికి ఈ మాట చెప్పుడు.

రాయి కనబడినంత మాత్రమున కంగారు వలదు. నొప్పి ఎరుగని రాళ్లలో ఏటా నూటికి ఒకరిద్దరివి మాత్రమే బాధ పెట్టును, చాలమంది వానితోనే ఆయువు గడుపుదురు. అట్టివారు వేళకు భోజనము చేయవలెను. ఉదయపు ఆహారము మానరాదు. అన్నములో చెంచాడు నెయ్యి ఉండవలెను, కొంచెమైనను కొవ్వు తగిలిననే తిత్తి ముడుచుకొని ఖాళీ అగును. పంచదార తగ్గించవలెను. మా సీతమ్మధార రైతుబజారులో దొరకు మెంతికూర, ఉల్లి, వెల్లుల్లి వాడుకలో ఉంచుకొనవలెను, మజ్జిగలో చెంచాడు మెంతులు చాలును. నడక తప్పరాదు. ఏకాదశినాటి ఉపవాసము హాని చేయదు గాని, వారమునకు కిలోన్నర మించి బరువు తగ్గించు కఠోర ఉపవాసములు క్రొత్త రాళ్లను పుట్టించును. ఇది మా ప్రకృతి చికిత్సా సోదరులకు రుచించకపోవచ్చును.

కుడి ప్రక్కటెముకల క్రిందనో, రొమ్ముగుంటలోనో నొప్పి పుట్టి వీపునకు, కుడి భుజమునకు ప్రాకి గంటలకొలది నిలిచినను, వాంతులైనను, చలిజ్వరము వచ్చినను, కన్నులు పసుపెక్కినను ఆలస్యము చేయక శస్త్రవైద్యుని చూడవలెను. మాటిమాటికి నొప్పి వచ్చువారికి పిత్తాశయమును తీసివేయుటయే సరియైన చికిత్సయని నేను నిస్సంకోచముగా చెప్పుదును. శస్త్రచికిత్స మనకు పరాయిది కాదు, సుశ్రుతుడు మనవాడే.

"ఒక అవయవము తీసివేసిన ఎట్లు బ్రతుకుట?" అని అడుగువారికి ఆ గుర్రమును, పావురమును చూపెదను. కాలేయము రసము తయారు చేయుట మానదు, తిత్తిలో నిలువ ఉండక నేరుగా ప్రేగులోనికి దిగును. తరువాతి రెండు మూడు మాసములు కొందరికి విరేచనములు పలుచబడును. అప్పుడు ఒకేమారు కడుపునిండ తినక నాలుగు పూటలుగా తినుట, వేపుళ్లు మానుట, జీలకఱ్ఱ, శొంఠి వేసిన పలుచని మజ్జిగ, పెసరకట్టు, పాత బియ్యపు జావ హితము.